మేతకు ఎంజైమ్ కలిపితే పశువు బరువెక్కుతుందా? ముందు ఏ మేతో చెప్పాలి

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో లెత్‌బ్రిడ్జ్ అనే ఊరుంది. ఆ దేశంలో మాంసం కోసం పెంచే పశువుల్ని పెద్ద ఎత్తున కట్టి మేపే ప్రాంతం అది. అక్కడి ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పనిచేసే కేరెన్ బోషమిన్, ఆమె సహచరులు 1995లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పీచును విరగ్గొట్టే ఎంజైమ్‌లను మేత మీద చల్లి, ఎదిగే పశువులు రోజుకు ఎంత బరువు పెరుగుతాయో చూశారు. పప్పుజాతి మేత అయిన ఎండు లూసర్న్ తిన్న పశువుల్లో పెరుగుదల 30 శాతం దాకా ఎక్కువైంది. ఎండు తిమోతి గడ్డి తిన్నవాటిలో 36 శాతం ఎక్కువైంది. బార్లీ సైలేజ్, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వచేసిన పచ్చి మేత, తిన్నవాటిలో ఏ తేడా లేదు. పైగా లూసర్న్‌కు తక్కువ మోతాదులే పనిచేశాయి. తిమోతికేమో అన్నిటికంటే ఎక్కువ మోతాదు వేస్తే తప్ప ఫలితం కనబడలేదు.

చల్లిన సరుకు ఒకటే, చల్లిన మనుషులూ ఒకరే. మేత మారింది, జవాబు మారింది. పశువుల దాణాలో ఎంజైమ్ పనిచేస్తుందా లేదా అని ఎవరు అడిగినా నాకు ఈ మూడు ఫలితాలే గుర్తొస్తాయి. ఆ ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పే జవాబులు రెండూ రైతును తప్పుదారి పట్టిస్తాయి. ఆ మేతలో, ఆ పశువు కడుపులో పని ఎక్కడ ఆగిపోతోందో ముందు తెలియాలి. ఆగిన చోట చెయ్యి వేసే ఎంజైమ్ అయితేనే డబ్బు తిరిగొస్తుంది.

కోళ్లతో పోలిక పెట్టుకోవడం వల్లే మన దగ్గర సగం గందరగోళం వస్తోంది. కోళ్ల దాణాలో ఎంజైమ్ వాడకం ఇప్పుడు మామూలు విషయం. అక్కడ దాని లెక్క సూటిగా ఉంటుంది. బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు కోడి పేగులో జిగురులా తయారవుతుంది, ఆ జిగురులో పోషకాలు చిక్కుకుపోతాయి, రెట్ట పలచగా అంటుకునేలా వస్తుంది. దాన్ని విరిచే ఎంజైమ్ కోడికి సొంతంగా లేదు. బయటి నుంచి వేస్తే జిగురు విరుగుతుంది, తేడా కళ్లకు కనబడుతుంది. గింజల్లో బిగుసుకున్న భాస్వరాన్ని విడిపించే ఫైటేజ్ కూడా అంతే. 1991లో నెదర్లాండ్స్‌లో మార్కెట్‌కు వచ్చాక అది ప్రపంచమంతా పాకింది. కోడికి లేనిదాన్ని మనం ఇస్తున్నాం, కాబట్టి పనిచేస్తోంది.

ఆవుకు, గేదెకు ఆ లోటు లేదు. పెద్ద పశువు మొదటి పొట్ట, అంటే రూమెన్, వంద లీటర్లు దాటే తొట్టి. అందులోని ద్రవం ఒక్క మిల్లీలీటరు తీసుకుంటే వెయ్యి కోట్లకు తగ్గకుండా బాక్టీరియా ఉంటుంది. వాటితోపాటు ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు ఉంటాయి, గాలి లేకుండా బతికే శిలీంధ్రాలు ఉంటాయి. ఆ శిలీంధ్రాల సంగతి ప్రపంచానికి ఆలస్యంగా తెలిసింది. అవి ఈదుతూ కనిపించడంతో చాలాకాలం ప్రోటోజోవా అనే అనుకున్నారు. అవి శిలీంధ్రాలని 1975లో ఇంగ్లండ్‌లో కోలిన్ ఓర్పిన్ తేల్చాడు. వేళ్లలాంటి పోగులతో అవి గడ్డి కాడలోకి తొలుచుకుపోతాయి, బాక్టీరియాకు దారి చేస్తాయి. పీచును విరిచే సెల్యులేజ్, జైలానేజ్, పిండిని విరిచే అమైలేజ్, ఫైటేజ్ అన్నీ ఆ తొట్టిలోనే తయారవుతాయి. ఎంజైమ్ ఫ్యాక్టరీని కడుపులో పెట్టుకుని తిరిగే జంతువుకు బయటి నుంచి చారెడు ఎంజైమ్ ఎందుకు అన్న అనుమానం న్యాయమైనదే.

ఇంకో అనుమానం కూడా ఉండేది. ఎంజైమ్ అంటే ప్రోటీనే. రూమెన్‌లోని సూక్ష్మజీవులు ప్రోటీన్‌ను నిమిషాల్లో తినేస్తాయి కదా, ఇది మాత్రం ఎలా మిగులుతుంది?

ఈ అనుమానాలు ఉన్నా ప్రయత్నాలు ఆగలేదు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో వైజ్ బరోస్ బృందం 1960లో ఆగ్రోజైమ్ అనే మిశ్రమాన్ని మాంసం పశువుల దాణాలో కలిపి చూసింది. పెరుగుదల 7 నుంచి 24 శాతం దాకా ఎక్కువైందని ప్రకటించింది. ఆ తర్వాత వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో కొన్నిటికి లాభం వచ్చింది, కొన్నిటికి రాలేదు, కొన్నిటిలో పశువులు వెనకబడ్డాయి కూడా. ఎందుకో చెప్పగలిగిన వాళ్లు లేరు. ఆ మిశ్రమాల్లో ఏ ఎంజైమ్ ఎంత ఉందో కొలిచే పద్ధతీ సరిగా లేదు, ధర కూడా ఎక్కువ. అలా ఆ విషయం ముప్పై ఏళ్లపాటు మూలన పడింది.

దాన్ని మళ్లీ పైకి తెచ్చింది పశువుల శాస్త్రం కాదు, బట్టల పరిశ్రమ. కథ రెండో ప్రపంచ యుద్ధం దగ్గర మొదలవుతుంది. పసిఫిక్ దీవుల్లో అమెరికా సైన్యం వేసుకున్న నూలు గుడారాలు తడి వాతావరణంలో కుళ్లి చిల్లులు పడేవి. నూలు అంటే దాదాపు సెల్యులోజే, గడ్డి పీచులో ఉండే పదార్థమే. దాన్ని తింటున్నదేమిటో తేల్చడానికి కుళ్లిన గుడ్డల నుంచి బూజులు సేకరించారు. సోలమన్ దీవుల్లోని బోగన్‌విల్‌లో దొరికిన ఒక బూజు మిగతా అన్నిటికంటే గట్టిది. సైన్యం ప్రయోగశాలలో దానిమీద ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత దానికి రీస్ పేరు మీదే ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. మన మిరప రైతులు, వేరుశనగ రైతులు విత్తన శుద్ధికి వాడే ట్రైకోడెర్మా విరిడెకు ఇది దగ్గరి చుట్టం. సైన్యం వదిలించుకోవాలని వెతికిన బూజునే పరిశ్రమలు పెంచడం మొదలుపెట్టాయి. జీన్స్ బట్టను మెత్తబరచడానికి, కాగితం గుజ్జుకు, డిటర్జెంట్లకు సెల్యులేజ్ టన్నులకొద్దీ తయారైంది. ధర పడిపోయింది. 1990లలో పశుపోషణ శాస్త్రజ్ఞులు ఆ పాత ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చారు.

ఈసారి మొదటి ఆశ్చర్యం, ఎంజైమ్‌లు రూమెన్‌లో వెంటనే చావడం లేదు. బూజుల నుంచి వచ్చే ఎంజైమ్‌లకు చుట్టూ చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయి. అవి కొంతవరకు కవచంలా కాపాడతాయి. అయినా ఎంజైమ్‌ను నేరుగా రూమెన్‌లోకి పంపడం కంటే, తినడానికి ముందే పొడి మేత మీద చల్లితేనే ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. మేతకు అంటుకున్న ఎంజైమ్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, ద్రవంతోపాటు కొట్టుకుపోదు. ఆ కాస్త సమయంలోనే కాడల పైపొరను అక్కడక్కడా గరుకు చేస్తుంది. ఆ గరుకే బాక్టీరియాకు కాలు పెట్టే చోటు. మేత రూమెన్‌లో పడ్డాక బాక్టీరియా దాన్ని పట్టుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. మేత అక్కడ ఉండేదే ఒకటి రెండు రోజులు. ఆ తర్వాత అరిగినా అరక్కపోయినా ముందుకు జారిపోతుంది. మొదటి గంటలు కలిసొస్తే ఆఖరున అరిగే పీచు పెరుగుతుంది. బయటి ఎంజైమ్, లోపలి ఎంజైమ్ కలిస్తే విడివిడిగా చేసే పనుల మొత్తం కంటే ఎక్కువ పని జరుగుతుందని ప్రయోగశాలలో కూడా కనబడింది. అంటే వేసిన ఎంజైమ్ తనంత తానుగా అరిగించే పీచు కొంచెమే. లోపలున్న సైన్యానికి కోట తలుపు తెరవడం దాని పని.

ఇది అర్థమైతే సైలేజ్ ఎందుకు మొరాయించిందో కూడా తెలుస్తుంది. అది తడిది, పులిసింది, ఆమ్లాలు నిండింది. పులిసే క్రమంలోనే తేలిగ్గా విరిగేది కొంత విరిగిపోయి ఉంటుంది. సైలేజ్ రసం జైలానేజ్ పనిని అణిచేస్తుందని లెత్‌బ్రిడ్జ్‌లోనే తర్వాత చూశారు. అందుకే మొక్కజొన్న సైలేజ్ మీద, పాతర గడ్డి మీద ఎంజైమ్ పొడి చల్లి ఎండు గడ్డి ఫలితాలు ఆశించకూడదు. సైలేజ్ వేసే రోజునే గడ్డిలో కలిపే ఎంజైమ్‌లు వేరే ఉన్నాయి. వాటి పని పులియడానికి కావాల్సిన చక్కెర అందించడం. పేరు ఒకటే కాబట్టి ఒకదాని బదులు ఒకటి అమ్మినా కొనేవాళ్లకు తెలియదు.

మోతాదు సంగతి ఇంకా విచిత్రం. ఎరువు ఎక్కువైతే పైరు మాడుతుందని మనకు తెలుసు. ఎంజైమ్ ఎక్కువైతే? పశువుకు హాని లేదు గానీ లాభం పోతుంది. పరిశోధకులు చెప్పే కారణం ఏమిటంటే, బాక్టీరియా పట్టుకోవాల్సిన చోట్లన్నీ మితిమీరిన ఎంజైమే ఆక్రమించేస్తుంది, అసలు పనివాళ్లకు చోటుండదు. రెండింతలు వేస్తే రెండింతలు పని అన్న మాట ఇక్కడ చెల్లదు. లూసర్న్‌కు సరిపోయే మోతాదు తిమోతికి చాలదు, ఎందుకంటే ఒకటి పప్పుజాతి మేత, ఇంకోటి గడ్డి. వాటి కణాల గోడలు కట్టిన తీరే వేరు.

ఇక ఫీడ్‌లాట్, అంటే మాంసం పశువుల్ని కట్టి మేపే చోటు, అక్కడి దాణా. చివరి నెలల్లో పశువు తినేదాంట్లో 85, 90 శాతం గింజే ఉంటుంది. మరి పీచు ఎంజైమ్‌తో పనేముంది? పశ్చిమ కెనడాలో ఆ గింజ బార్లీ. బార్లీకి పొట్టు ఉంటుంది, అది పీచు. గింజ ఎక్కువ తిన్న పశువు రూమెన్‌లో ఆమ్లం పెరిగి పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 కంటే కిందికి జారుతుంది. ఆ పులుపులో పీచు తినే బాక్టీరియా దాదాపు చేతులెత్తేస్తుంది. ట్రైకోడెర్మా ఎంజైమ్‌లకు మాత్రం పులుపే ఇష్టం. సొంత ఫ్యాక్టరీ ఆగిపోయిన గంటల్లో బయటి కూలీలు పనిచేసినట్టు అన్నమాట. బోషమిన్ బృందం 1997లో ప్రచురించిన ప్రయోగంలో జైలానేజ్ ఎక్కువున్న ఎంజైమ్ బార్లీ దాణాలో మేత సామర్థ్యాన్ని 11 శాతం మెరుగుపరిచింది. అంటే కిలో బరువు పెరగడానికి అంత తక్కువ దాణా సరిపోయింది. మొక్కజొన్న దాణాలో ఏమీ మారలేదు. మొక్కజొన్నకు బార్లీకున్న పొట్టు లేదు. పని ఆగిన చోటే లేనప్పుడు కూలీలు వచ్చి ఏం చేస్తారు?

ఈ పెద్ద పెద్ద శాతాలు చూసి ఎవరూ ఆశపడకూడదనే ఇంకో లెక్క కూడా చెప్పాలి. పాడి ఆవుల మీద జరిగిన 15 అధ్యయనాలను కలిపి ఫ్లోరిడా పరిశోధకులు 2017లో విశ్లేషించారు. పీచు అరుగుదల పెరిగింది, కానీ 2 శాతం పైచిలుకు. పాలు రోజుకు సుమారు 0.8 కిలోలు పెరిగాయి. మేత సామర్థ్యంలో తేడా రాలేదు. ఒక్కో ప్రయోగంలో 30 శాతం, 11 శాతం రావడం నిజమే. అన్నీ కలిపి చూస్తే దక్కేది కొంచెమే అన్నదీ నిజమే. సరిపోని మేతలు, సరిపోని మోతాదులు ఆ సగటులోనే కలిసి ఉన్నాయి.

ప్యాకెట్ మీద రాసే యూనిట్ల గురించి కాస్త కోపంగానే చెప్పాలి, ఎందుకంటే రైతు అది చూసే కొంటాడు. గ్రాముకు ఇన్ని వేల యూనిట్ల సెల్యులేజ్ అని ఉంటుంది. ఆ కొలత సాధారణంగా ప్రయోగశాలలో, 50 డిగ్రీల వేడిలో, 5కు దగ్గరి పీహెచ్‌లో, శుద్ధి చేసిన సెల్యులోజ్ మీద తీస్తారు. బట్టల మిల్లుకు అది పనికొచ్చే కొలత. రూమెన్ ఉండేది 39 డిగ్రీల్లో, మామూలు మేత తిన్నప్పుడు పీహెచ్ 6కు పైన. లోపల ఉండేది శుద్ధమైన సెల్యులోజ్ కాదు, కాడను గట్టిపరిచే లిగ్నిన్ అనే పదార్థంతో పెనవేసుకున్న గడ్డి. అక్కడ అదే ఎంజైమ్ తన కొలతలో చిన్న వంతే చూపించవచ్చు. రెండు ప్యాకెట్లలో యూనిట్లు ఎక్కువున్నదే గొప్పది అనుకోవడానికి వీల్లేదు. అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్న ఒకటే, రూమెన్ వేడిలో, రూమెన్ పీహెచ్‌లో, మన మేత మీద దీన్ని కొలిచారా అని.

పీచు ఎంజైమ్‌లు కాక పిండి పదార్థాన్ని విరిచే అమైలేజ్ ఒకటుంది. దాని గురించి మాట్లాడాలంటే బ్రెజిల్ వెళ్లాలి, అక్కడ మనవాళ్లు కనిపిస్తారు. బ్రెజిల్ మాంసం పశువుల్లో అధిక భాగం నెలోర్ జాతి. ఆ పేరు మన నెల్లూరే. మన ఒంగోలు గిత్తల సంతతే ఆ మందలు. 1960లలో ఓడల్లో వెళ్లిన మేలు గిత్తల్లో ఒకదానికి ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే ఉంది, అక్కడి నెలోర్ వంశవృక్షాల్లో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పశువులకు ఫీడ్‌లాట్‌లో పెట్టేది ఎక్కువగా చెకుముకిరాయిలా గట్టిగా ఉండే రకం మొక్కజొన్న, పీచు కోసం చెరకు పిప్పి. ఆ గింజలో పిండి రేణువులు ప్రోటీన్ పొరల్లో బిగుసుకుని ఉంటాయి. సరిగా పగలకపోతే పేడలో గింజ ముక్కలు తెల్లగా కనబడతాయి. అలాంటి గింజకు అమైలేజ్ కలిపి చూడటంలో అర్థముంది. అదే గింజను ఆవిరి పట్టి రేకులుగా నొక్కితే పిండి ముందే తెరుచుకుంటుంది, అప్పుడు ఎంజైమ్‌కు మిగిలే పని తక్కువ. మర సరిచేసుకుంటే పోయే సమస్యకు ప్యాకెట్ కొనడం ఎందుకు?

ఇప్పుడు మన ఇంటి ముందున్న వరిగడ్డి. మన దగ్గర పశువును కట్టి మేపి మాంసానికి తయారుచేయడం గొర్రె పొట్టేళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. దున్నపోతు దూడల్ని అలా పెంచేవాళ్లు తక్కువ. కానీ ఎంజైమ్ ప్యాకెట్ మాత్రం పాడి గేదె దాకా వచ్చేసింది. "ఇది కలిపితే వరిగడ్డి కూడా పచ్చిగడ్డిలా అరుగుతుందన్నారండీ" అని ఒక పెద్దాయన నాకు ప్యాకెట్ చూపించాడు. వెనక చదివితే ఎంజైమ్‌తోపాటు ఈస్ట్ ఉంది, ఖనిజ లవణాలున్నాయి. ఆయన గేదెకు ఎప్పుడూ ఖనిజ మిశ్రమం పెట్టలేదు. పాలు పెరిగితే ఆ మేలు దేని ఖాతాలో వేయాలి?

వరిగడ్డి పీచు అరక్కపోవడానికి ఒక కారణం లిగ్నిన్. సెల్యులేజ్, జైలానేజ్ లిగ్నిన్‌ను తాకలేవు. దాన్ని విరిచే లాకేజ్ లాంటి ఎంజైమ్‌లకు గాలి కావాలి, రూమెన్‌లో గాలి లేదు. ఆ పని బయటే జరగాలి. వరిగడ్డి మీద పెరిగే ముత్యపు చిప్ప పుట్టగొడుగు సరిగ్గా ఆ పనే చేస్తుంది, కానీ తన వాటాగా గడ్డిలోని పోషకం కొంత తినేస్తుంది. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. వరిగడ్డిలో ముడి ప్రోటీన్ 3, 4 శాతమే. మొత్తం మేతలో 7 శాతానికి తగ్గితే రూమెన్ సూక్ష్మజీవులకే తిండి చాలదు. తలుపు తెరిచి లాభమేముంది, లోపల సైన్యం పస్తులుంటే! ఇక్కడ పని ఆగింది ప్రోటీన్‌కు కావాల్సిన నత్రజని దగ్గర. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, తొక్కి, పాలిథిన్ పట్టా కప్పి మూడు వారాలు మాగబెట్టే పాత పద్ధతి రెండు పనులూ చేస్తుంది. వెలువడే అమ్మోనియా పీచును ఉబ్బించి వదులు చేస్తుంది, ప్రోటీన్ విలువను దాదాపు రెట్టింపు చేస్తుంది. పెట్టేముందు కాసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి, ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు, యూరియా నీళ్లు పశువుల నోటికి అందకుండా చూసుకోవాలి. ఇంత తెలిసిన పద్ధతిని పక్కన పెట్టి, ఎండు వరిగడ్డి మీద ఎంజైమ్ పొడి చల్లమని రైతుకు చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

అలాగని ఎంజైమ్‌కు మన దగ్గర చోటే లేదనీ అనను. లూసర్న్, హెడ్జ్ లూసర్న్, వేరుశనగ కట్టె లాంటి పప్పుజాతి ఎండు మేతలు కత్తిరించి గింజతో కలిపి పొట్టేళ్లకు పెట్టేవాళ్లున్నారు. వాళ్లకు ప్రోటీన్ కొరత లేదు, మేత పొడిది, పశువు వేగంగా పెరిగే వయసులో ఉంది, తిన్న ప్రతి ముద్ద నుంచి ఇంకాస్త శక్తి రాబట్టడమే మిగిలింది. లెత్‌బ్రిడ్జ్‌లో ఫలితం వచ్చిన పరిస్థితికి దగ్గరి పరిస్థితి అదే. ఎంజైమ్‌ను కాస్త నీళ్లలో కలిపి మేత మీద చల్లి, కొన్ని గంటలు ఆగి పెట్టాలి. వేడి పట్టి గుళికలు చేసే దాణా అయితే ఆ వేడికి ఎంజైమ్ తట్టుకుంటుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూసుకోవచ్చు. ఒకే వయసు, దగ్గర దగ్గర బరువున్న ఇరవై పొట్టేళ్లను చీటీలు వేసి రెండు గుంపులు చేయాలి. రెండిటికీ అదే మేత, అదే గింజ, అదే ఖనిజ మిశ్రమం, ఒకదానికి మాత్రం ఎంజైమ్. పెట్టిన మేత, మిగిల్చిన మేత రోజూ తూచి రాయాలి. రెండు నెలలకు తగ్గకుండా నడపాలి, వారం పది రోజుల తేడా లెక్కలోకి రాదు. బరువు తూచేది పొద్దున్నే, మేత, నీళ్లు పెట్టకముందు. కడుపు నిండిన పొట్టేలు బరువు, ఖాళీ కడుపు బరువు కిలోల్లో తేడా వస్తాయి. అందుకే మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ వరసగా రెండు రోజులు తూచి సగటు తీసుకోవాలి. ఆఖరున ఒక్కో గుంపులో కిలో బరువుకు ఎంత మేత ఖర్చయిందో రూపాయల్లో వేసి, ఎంజైమ్ గుంపు లెక్కలో ప్యాకెట్ ధర కూడా కలిపి చూసుకోవాలి.